అమ్మకు అల్జీమర్స్. నలభై ఎనిమిదేళ్ల నేను ఇప్పుడు దేన్ని పట్టుకోవాలి?

రెండోకూతురు:

మా అమ్మకు డెబ్బై ఆరేళ్లు. అల్జీమర్స్ అని వైద్యులు తేల్చి ఏడాది దాటింది. నేనెవరో ఆమెకు తెలుసు. పేరు మాత్రం ఒక్కోసారి నాది, ఒక్కోసారి అక్కది. ఈ ప్రశ్న ఆమె వైద్యం గురించి కాదు, అది నడుస్తోంది. ఇది నా గురించి.

నాకు నలభై ఎనిమిది. రోజంతా కుర్చీకి అతుక్కుని పద్దులు చూసే ఉద్యోగం. కిందటిసారి పరీక్షలో బీపీ 144/92 వచ్చింది, “కాస్త ఎక్కువే, చూసుకుంటూ ఉండండి” అన్నారు. షుగర్ లేదు. పొగ, మద్యం అలవాటు లేదు. అమ్మ రాత్రి రెండు మూడు సార్లు లేచి ఇల్లంతా తిరుగుతుంది కాబట్టి నా నిద్ర అయిదున్నర గంటలకు మించదు, అదీ తునకలు తునకలుగా. టీవీ శబ్దం రోజురోజుకీ పెంచేస్తున్నానని మా అబ్బాయి సణుగుతుంటాడు, అది వేరే సంగతి.

ఇంట్లో సలహాలకు కరవు లేదు. తమ్ముడు జ్ఞాపకశక్తికని అమ్మే జింకో ఆకు మాత్రలు సీసాల కొద్దీ పంపిస్తున్నాడు. అక్క నా ఫోనులో మెదడుకు మేత అంటూ ఆటల యాప్ ఒకటి వేయించి, ఏడాది చందా తనే కట్టింది. మా ఆయన మాత్రం “వంశంలో ఉన్నది వచ్చే తీరుతుంది, ఎందుకీ హైరానా” అని తేల్చేశారు.

వీటిలో దేనికి నిజంగా ఆధారం ఉందో తెలిసినవాళ్లు చెప్పండి. పది అలవాట్లు ఒక్కసారిగా మార్చుకునే ఓపిక, తీరిక నాకు లేవు. మొదట ఒకటో రెండో పట్టుకోవాలంటే ఏవి? అమ్మకు వచ్చింది కాబట్టి నాకూ వస్తుందా? ధైర్యంగా ఉండండి, అంతా మంచే జరుగుతుంది లాంటి జవాబులు వద్దు. అవి ఇంట్లోనే కావలసినన్ని దొరుకుతున్నాయి.

గడినుడిపిచ్చి:

మీ అక్కగారి మాటలో కొంత నిజం ఉందమ్మా. నేను ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. పొద్దున్నే పత్రికలో గడినుడి పూర్తి చేయనిదే నాకు రోజు మొదలైనట్టు ఉండదు. అడ్డం పదిహేడు దగ్గర ఇరుక్కుంటే స్నానం చేస్తున్నా అదే ఆలోచన. కత్తి వాడుతుంటేనే పదును, మూలన పడేస్తే తుప్పు. మెదడూ అంతే. ఆ మాత్రలు పక్కన పెట్టి రోజుకో గడినుడి పట్టండి.

పాతరేడియో:

రెండోకూతురు గారూ, ముందుగా నా సంగతి. నేను ఆడియాలజిస్టును. వినికిడి పరీక్షలు చేయడం, వినికిడి యంత్రాలు అమర్చడం నా వృత్తి. కాబట్టి చెవి గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను. ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

మీ ఆయనగారి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని నమ్మితే తక్కినదంతా చదవడం దండగ. అల్జీమర్స్‌ను ఒక తరం నుంచి ఇంకో తరానికి నేరుగా మోసుకొచ్చే జన్యు మార్పులు ఉన్నాయి గానీ అవి చాలా అరుదు. మొత్తం కేసుల్లో నూటికి ఒకటి కూడా ఉండవు. అలాంటి కుటుంబాల్లో జబ్బు సాధారణంగా అరవై అయిదు లోపే, కొందరికి నలభైల్లోనే బయటపడుతుంది. మీ అమ్మగారికి వచ్చింది డెబ్బై దాటాక. ఆ వయసులో వచ్చేదానికి సంబంధించి ఎక్కువగా వినబడే జన్యువు ఏపీఓఈ. అందులో ఈ4 అనే రకం తల్లి నుంచో తండ్రి నుంచో ఒకటి వస్తే ముప్పు పెరుగుతుంది, ఇద్దరి నుంచీ వస్తే బాగా పెరుగుతుంది. అయినా ఈ4 ఉండి జబ్బు రానివాళ్లు ఉన్నారు, లేకుండా వచ్చినవాళ్లూ ఉన్నారు. అమ్మకు వచ్చింది కాబట్టి మీ ముప్పు సగటు కంటే కొంత ఎక్కువ. అంతవరకే.

ఇక అలవాట్లు. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024 నివేదికలో, మనం మార్చుకోగల కారణాలు పద్నాలుగు ఉన్నాయని చెప్పింది. 2017లో తొమ్మిది ఉండేవి, 2020లో పన్నెండు అయ్యాయి. ఈసారి చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్, సరిచేయించుకోని చూపు లోపం చేరాయి. అన్నిటినీ తొలగించగలిగితే ప్రపంచంలో డిమెన్షియా (అల్జీమర్స్, అలాంటి ఇతర మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి పేరు) కేసుల్లో దాదాపు 45 శాతం తప్పడమో, ఆలస్యంగా రావడమో జరగవచ్చని అంచనా కట్టారు. ఈ 45ను చాలామంది తమకు దక్కే రక్షణగా చదువుకుంటారు. అది జనాభా మొత్తానికి వేసిన లెక్క, ఒక మనిషికి ఇచ్చిన హామీ కాదు. పైగా ఆ జాబితాలో చిన్నప్పటి చదువు ఉంది, పీల్చే గాలి ఉంది. మీరిప్పుడు మళ్లీ బడికి వెళ్లలేరు, గాలిని ఒక్కరే శుభ్రం చేయలేరు.

మరి మీ చేతిలో ఉన్నదేమిటి? మీ ప్రశ్న మీరే మళ్లీ చదవండి. మాత్రలకూ యాప్‌కూ ఒక పేరా ఇచ్చారు. బీపీ 144/92 అని ఒక్క వాక్యంలో దాటేశారు. టీవీ శబ్దం సంగతి రాసి “అది వేరే సంగతి” అన్నారు. వేరే సంగతి కాదండీ. మీరు అడిగిన ఒకటో రెండో అవే.

మధ్యవయసులో అదుపు తప్పిన రక్తపోటు మెదడులోని సన్నని రక్తనాళాలను ఏళ్ల తరబడి దెబ్బతీస్తుంది. నొప్పి ఉండదు, చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. నలభై ఏళ్ల నుంచే పై అంకెను 130కి మించనివ్వవద్దని లాన్సెట్ సంఘం మాట. అమెరికాలో స్ప్రింట్ మైండ్ అనే అధ్యయనంలో 9,361 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పై అంకె 120 లోపు, రెండో జట్టుకు 140 లోపు ఉండేలా మందులిచ్చారు. 2019లో ఫలితం వచ్చింది. గట్టిగా అదుపు చేసిన జట్టులో, డిమెన్షియాకు ముందు దశ అనదగ్గ స్వల్ప గ్రహణ లోపం, అంటే జ్ఞాపకం, ఆలోచన కాస్త మందగించడం, 19 శాతం తక్కువగా కనిపించింది. డిమెన్షియా కూడా తగ్గినట్టే ఉంది గానీ గట్టిగా చెప్పగలిగినంత తేడా రాలేదు. ఆ లోటు చైనా పల్లెల్లో జరిగిన అధ్యయనం పూడ్చింది. దాదాపు 34 వేల మంది. పెద్ద డాక్టర్లు కాదు, పల్లె వైద్యులే మందులిచ్చి, బీపీ కొలిచి, వెంటపడి మరీ అదుపు చేయించారు. నాలుగేళ్లలో డిమెన్షియా 15 శాతం తగ్గిందని 2025లో ప్రచురించారు. “ఫలానా అలవాటు ఉన్నవాళ్లకు జబ్బు తక్కువ” అనే తరహా లెక్క కాదిది. ఏ పల్లెకు ఏ వైద్యమన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించి చేసిన ప్రయోగం. ఈ రంగంలో ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఒక్క కొలత చూసి కంగారు పడకండి, అలాగని వదిలేయనూ వద్దు. ఇంట్లో కొలిచే యంత్రం తెచ్చుకోండి. మణికట్టుకు కట్టేది కాదు, జబ్బకు చుట్టేది. కొలిచే ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు రెండూ నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. పట్టీని బట్ట మీద కాకుండా ఒంటి మీదే చుట్టి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఆనించాలి. కొలుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు, ఎవరైనా ఏదైనా అడిగినా సరే. ఓ వారం పొద్దునా సాయంత్రం రెండేసి సార్లు కొలిచి రాసుకుని, ఆ కాగితం డాక్టరుకు చూపించండి. మందు కావాలా, ఉప్పు తగ్గించి నడిస్తే సరిపోతుందా అన్నది ఆ కాగితం చూశాక తేలుతుంది.

ఇక చెవి. లాన్సెట్ లెక్కలో వినికిడి లోపం వాటా 7 శాతం. ఎల్‌డీఎల్‌తో సమానంగా, అన్నిటికంటే పెద్ద వాటా అది. ఎందుకు అన్నదానికి ఒక్క జవాబు లేదు. సగం వినబడిన మాటను పూరించుకోవడానికి మెదడు పడే శ్రమ, ఆ మాటను గుర్తుపెట్టుకోవడానికి పడవలసిన శ్రమను తినేస్తుందని ఒక వాదన. వినబడని మనిషి నలుగురిలోకి వెళ్లడం మానేస్తాడు కాబట్టి ఆ ఒంటరితనమే దెబ్బతీస్తుందని ఇంకో వాదన. నా దగ్గరకు వచ్చేవాళ్లను చూస్తే రెండూ నిజమే అనిపిస్తుంది.

మరి యంత్రం పెట్టుకుంటే ముప్పు తగ్గుతుందా? ఇది నా వృత్తి కాబట్టి ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి. అచీవ్ అనే అధ్యయనం 2023లో వచ్చింది. 70 నుంచి 84 ఏళ్ల వయసువాళ్లు 977 మంది, మూడేళ్లు. మొత్తం మీద చూస్తే, యంత్రాలు పెట్టుకున్నవాళ్లకూ పెట్టుకోనివాళ్లకూ గ్రహణ శక్తి తగ్గడంలో తేడా కనబడలేదు. అప్పటికే ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లను విడిగా చూస్తే మాత్రం ఆ తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. రెండూ నిజమే. మొదటిది దాచిపెట్టి రెండోది మాత్రమే చెప్పి యంత్రం అంటగట్టేవాళ్లు మా వృత్తిలో ఉన్నారు, వాళ్లతో జాగ్రత్త.

అయినా పరీక్ష చేయించుకోండి. శబ్దం చొరబడని చిన్న గదిలో కూర్చోబెడతారు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక మీట. శబ్దం వినబడినట్టు అనుమానం కలిగినా చాలు, నొక్కాలి. విచిత్రం ఏమిటంటే చాలామంది ఈ పరీక్షలో నెగ్గాలని చూస్తారు. కిటికీ అద్దంలోంచి నా చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కేస్తారు. అందుకే నేను చెయ్యి బల్ల కింద పెట్టుకుంటాను. పరీక్ష అయ్యాక ఒక గీతల పటం వస్తుంది. ఎడమవైపు బొంగురు శబ్దాలు, కుడివైపు సన్నని శబ్దాలు. వయసుతో మొదట జారేది కుడివైపు గీత. అప్పుడు స, శ, ఫ, త లాంటి హల్లులు చేజారిపోతాయి, అచ్చులు మాత్రం గట్టిగానే వినబడతాయి. “వినబడుతోంది గానీ అర్థం కావడం లేదు” అని జనం చెప్పేది దీన్నే. టీవీ శబ్దం పెంచినప్పుడు ముందుగా పెద్దవయ్యేది ఆ అచ్చులే, అందుకే ఇంకా ఇంకా పెంచుతారు. మీ అబ్బాయి సణుగుడుకు అర్థం అది.

పరీక్షకు ముందు చెవిలో గుబిలి పేరుకుందేమో చూపించుకోండి. గుబిలి తీయించుకుని, యంత్రం అక్కర్లేదని తెలిసి నవ్వుకుంటూ వెళ్లినవాళ్లు నాకు తెలుసు.

జింకో సంగతి త్వరగా ముగిస్తాను. 75 ఏళ్లు, ఆ పైబడిన 3,069 మందిలో కొందరికి రోజుకు రెండు పూటలా 120 మిల్లీగ్రాముల జింకో, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చి ఏళ్ల తరబడి గమనించారు. 2008లో ఫలితం చెప్పారు. డిమెన్షియాలో తేడా లేదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు దానితో రక్తస్రావం భయం కూడా ఉంటుంది. విటమిన్ బి, విటమిన్ ఇ, ఒమేగా కొవ్వుల మాత్రలను డిమెన్షియా నివారణకని ఎవరికీ సిఫారసు చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే అంది. రక్తపరీక్షలో బి12 నిజంగా తక్కువ ఉంటే అది వేరు, దానికి వైద్యం చేయించుకోవలసిందే.

గడినుడిపిచ్చి గారితో నాకు తగువు లేదు. ఆయన సంగతికి తర్వాత వస్తాను.

మేడమెట్లు:

నాకు ఈ జాబితాలు చూస్తే ఒళ్లు మండుతుంది. మా నాన్న ఒక్క సిగరెట్టు ముట్టలేదు. లిఫ్టు ఉన్నా నాలుగంతస్తులూ మెట్లే ఎక్కేవారు. బీపీ లేదు, షుగర్ లేదు, చెవులు పాము చెవులు. చేతిలో పుస్తకం లేని మా నాన్న నాకు గుర్తే లేరు. డెబ్బై ఒకటికి మొదలైంది. చివరి రోజుల్లో పుస్తకం తలకిందులుగా పట్టుకుని, ఒక్కో పేజీ మర్యాదగా తిప్పుతూ కూర్చునేవారు.

“45 శాతం తప్పించుకోవచ్చు” అని చదివినప్పుడల్లా ఆయన ఏదో తప్పు చేశారని ఎవరో అంటున్నట్టు ఉంటుంది. అన్నారు కూడా. చుట్టాలు వచ్చి, సరిగ్గా నిద్రపోయేవారు కాదా, లోపల ఏమైనా దిగులు పెట్టుకున్నారా అని ఆరా తీశారు. జబ్బుతో పాటు జవాబు కూడా మేమే చెప్పుకోవాలా?

పాతరేడియో:

మీ కోపం న్యాయమైనదే అన్నా. 45 శాతం అన్నవాళ్లే, మిగతా 55 శాతం మన అలవాట్లకు అందదని కూడా అదే లెక్కలో ఒప్పుకున్నారు. అందులో అన్నిటికంటే పెద్ద కారణం వయసు, తర్వాత జన్యువులు. మీ నాన్నగారు తప్పేమీ చేయలేదు. చుట్టాలకు ఈ మాట చెప్పండి, లేదా ఊరుకోండి. వినడానికి వచ్చినవాళ్లు కాదు కదా వాళ్లు.

అయితే ఆ మెట్లూ ఆ పుస్తకాలూ వృథా అని కూడా నేననను. అమెరికాలో 678 మంది క్రైస్తవ సన్యాసినుల మీద 1986లో మొదలైన అధ్యయనం ఒకటి ఉంది. చనిపోయాక తమ మెదడును పరీక్షకు ఇస్తామని వాళ్లు ముందే ఒప్పుకున్నారు. తీరా చూస్తే, కొందరి మెదడులో అల్జీమర్స్ గుర్తులు దండిగా ఉన్నాయి, కానీ బతికి ఉన్నప్పుడు వాళ్ల జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు. జబ్బు లోపల నడుస్తున్నా పైకి రానివ్వకుండా కొంతకాలం నెట్టుకురాగల సత్తా కొన్ని మెదళ్లకు ఉంటుంది. చదువు, బుర్రకు పని పెట్టే ఉద్యోగం, ఒకటికి మించిన భాషలు ఆ సత్తాను పెంచుతాయని చాలామంది పరిశోధకుల నమ్మకం. నరాల వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన దాని ప్రకారం, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు లక్షణాలు ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువుకోనివాళ్లలోనూ తేడా కనబడింది.

మీ నాన్నగారికి డెబ్బై ఒకటికి వచ్చింది. ఆ మెట్లు ఎక్కకపోయి ఉంటే అరవై ఆరుకే వచ్చేదేమో. నేను రుజువు చేయలేను. మీరు కాదనీ అనలేరు.

మేడమెట్లు:

ఆ చివరి మాట తీసుకుంటాను. 45ను మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

గడినుడిపిచ్చి:

నా సంగతి తేల్చకుండా తప్పించుకున్నారు మీరు.

పాతరేడియో:

వచ్చాను పెద్దాయనా. గడినుడి నింపితే గడినుడి నింపడం బాగా వస్తుంది, అందులో అనుమానం లేదు. ఆ నేర్పు తక్కిన పనులకు ఎంతవరకు పాకుతుందన్నదే సందేహం. యాప్‌లోని ఆటలదీ అదే చిక్కు. ఇంకొకటి చూడండి. ఈ జబ్బు పైకి కనబడడానికి పదేళ్లు, ఇరవై ఏళ్ల ముందు నుంచే మెదడులో మార్పులు మొదలవుతాయి. లోపల మొదలైనవాళ్లు కష్టమనిపించిన పనులు ఒక్కొక్కటీ మానుకుంటారు. అప్పుడు గడినుడి జబ్బును ఆపిందా, జబ్బు రానివాళ్లే గడినుడి నింపుతూ ఉండగలిగారా? బయట నుంచి చూసి చెప్పడం కష్టం. నడక, స్నేహాలు, ఆఖరికి నిద్ర గురించిన లెక్కల్లోనూ ఇదే మెలిక ఉంది.

కాస్త గట్టి ఆధారం ఉన్నది అన్నీ కలిపి చేసినదానికి. ఫిన్లాండ్‌లో ఫింగర్ అనే ప్రయోగంలో 60 నుంచి 77 ఏళ్ల వయసువాళ్లు 1,260 మందిని తీసుకుని, సగం మందికి రెండేళ్లపాటు ఆహారం, వ్యాయామం, మెదడు అభ్యాసాలు, బీపీ షుగర్‌ల మీద నిఘా అన్నీ కలిపి ఇచ్చారు. 2015 ఫలితాల్లో వాళ్లు గ్రహణ పరీక్షల్లో రెండో జట్టు కంటే మెరుగ్గా ఉన్నారు. 2025లో అమెరికాలో పాయింటర్ అనే ప్రయోగం 2,111 మందితో ముగిసింది. సలహాలు తీసుకుని ఎవరికి వారు అలవాట్లు మార్చుకున్నవాళ్లూ మెరుగుపడ్డారు. జట్టుగా కూడి, ఒక పద్ధతి ప్రకారం, ఎవరో ఒకరికి జవాబు చెప్పుకుంటూ చేసినవాళ్లు ఇంకాస్త ఎక్కువ మెరుగుపడ్డారు. ఈ రెండూ కొలిచింది గ్రహణ శక్తిని, డిమెన్షియా వచ్చిందా లేదా అన్నది కాదు. ఆహారం ఒక్కదాన్నే పట్టుకుని 604 మందితో మూడేళ్లు చేసిన మైండ్ ఆహారం ప్రయోగంలో మాత్రం 2023లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కాబట్టి గడినుడి మానకండి. పక్కింటాయనను పిలిచి, ఇద్దరూ నడుస్తూ అడ్డం పదిహేడు గురించి పోట్లాడుకోండి.

గడినుడిపిచ్చి:

పక్కింటాయనకు దీర్ఘాలూ ఒత్తులూ రావు. అయినా ఆలోచిస్తాను.

రాత్రిడ్యూటీ:

రెండోకూతురు అక్కా, నేను నర్సును. వయసు మళ్లినవాళ్ల వార్డులో పని. అందరూ చెవి, బీపీ అంటున్నారు గానీ మీ అయిదున్నర గంటల నిద్రను ఎవరూ పట్టించుకోలేదు.

బ్రిటన్‌లో 7,959 మందిని పాతికేళ్లపాటు గమనించి 2021లో ఒక ఫలితం చెప్పారు. యాభై నుంచి డెబ్బై ఏళ్ల దాకా నిలకడగా ఆరు గంటలు, అంతకంటే తక్కువ నిద్రపోయినవాళ్లలో డిమెన్షియా ముప్పు 30 శాతం ఎక్కువ. పాతరేడియో గారు చెప్పిన మెలిక ఇక్కడా ఉంది, కాదనను. కానీ నిద్ర చాలకపోతే బీపీ దిగదు, నడవడానికి ఓపిక ఉండదు, మనసు చిరాకుగా ఉంటుంది. మిగతావన్నీ చేయాలన్నా ముందు ఇది కావాలి.

నేను చూసినంతవరకు, రోగిని చూసుకునేవాళ్లకు సలహా ఇచ్చేవాళ్లు చాలామంది, రాత్రి పంచుకునేవాళ్లు ఎవరూ ఉండరు. మీ తమ్ముడికీ అక్కకూ మీ మీద ప్రేమ ఉంది, లేకపోతే సీసాలు, చందాలు ఎందుకు? ఆ ప్రేమనే రాత్రుల రూపంలో అడగండి. వారానికి రెండు రాత్రులు తమ్ముడు, రెండు రాత్రులు అక్క. మీరు ఇంకో గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. ఒకే గదిలో ఉంటే అమ్మ కదిలినప్పుడల్లా మీకే మెలకువ వస్తుంది.

నిద్ర రావడం లేదని మందుల దుకాణంలో అడిగి డైఫెన్‌హైడ్రమిన్ ఉన్న మాత్రలు వేసుకోవద్దు. అమ్మకు అసలే వద్దు, ఆ వయసులో అవి అయోమయాన్ని పెంచుతాయి. అమ్మ రాత్రి తిరగడం ఈమధ్య హఠాత్తుగా పెరిగి ఉంటే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడైనా నొప్పి ఉన్నాయేమో చూపించండి. ఆమె వాటిని నోటితో చెప్పలేక కాళ్లతో చెబుతూ ఉండవచ్చు. పగలు బయట వెలుతురులో కాసేపు తిప్పండి. మీకు గురక ఉండి, పగలంతా మత్తుగా ఉంటే దానికీ పరీక్ష ఉంది.

ఇంకొక్కటి. దిగులు వారాల తరబడి వదలకపోతే దాన్ని అలసట అని సరిపెట్టుకోకండి. కుంగుబాటు కూడా ఆ పద్నాలుగింటిలో ఒకటే, దానికి వైద్యం ఉంది.

రెండోకూతురు:

అందరికీ నమస్కారాలు. కొంత జరిగింది, చెబుతాను.

బీపీ ఓ వారం రాశాను. పొద్దున పూట 140 దాటుతోంది, సాయంత్రం కాస్త తక్కువ. మాట్లాడుతూ కొలిస్తే ఎక్కువ చూపించింది, పాతరేడియో గారు చెప్పినట్టే. కాగితం చూసి డాక్టరు చిన్న మోతాదు మాత్ర మొదలుపెట్టారు, కొలెస్ట్రాల్ పరీక్ష కూడా రాశారు. చెవి పరీక్షా అయింది. అద్దంలోంచి ఆవిడ చేతి వైపు చూడబోయాను, ఆవిడా బల్ల కిందే పెట్టుకున్నారు! రెండు చెవుల్లోనూ కుడివైపు గీత జారింది. ఇప్పటికి స్వల్పమే అట.

రాత్రుల సంగతికి అక్క వెంటనే ఒప్పుకుంది. తమ్ముడు రెండు రాత్రులన్న మాటను బేరమాడి ఒకదానికి దించాడు. మొదటి రాత్రి మూడింటికి తలుపు కొట్టాడు. “అమ్మ బీరువాలో బట్టలన్నీ మంచం మీద పోసింది, ఇప్పుడు నేనేం చేయాలి?” అని. “పక్కన కూర్చుని మడతపెట్టు” అని మళ్లీ పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఇద్దరూ అన్నీ మడతపెట్టి ఉంచారు. అప్పటి నుంచి సీసాలు రావడం ఆగిపోయింది.

రెండు సందేహాలు మిగిలాయి. నడక అంటే ఎంత? నా ఉద్యోగంలో పదివేల అడుగులు అయ్యే పని కాదు. అమ్మకు కూడా వినికిడి తక్కువే, ఇంత దూరం వచ్చాక ఆమెకు యంత్రం పెట్టించి ప్రయోజనం ఉందా?

పాతరేడియో:

పదివేలు అక్కర్లేదు. బ్రిటన్‌లో 78 వేల పైచిలుకు జనం అడుగులను చేతికి కట్టిన యంత్రంతో లెక్కించి 2022లో ప్రచురించారు. రోజుకు 9,800 అడుగుల దగ్గర డిమెన్షియా ముప్పు సగానికి సగం తక్కువగా కనబడింది నిజమే, కానీ 3,800 అడుగుల దగ్గరే 25 శాతం తక్కువ ఉంది. వేగంగా నడిచినవాళ్లకు ఇంకా తక్కువ. ఇక్కడా పైన చెప్పిన మెలిక మరిచిపోకండి. మీ ఉద్యోగంలో ఫోను మాట్లాడవలసిన ప్రతిసారీ లేచి నడుస్తూ మాట్లాడితే సగం లెక్క తీరిపోతుంది. మిగతా సగం అక్కగారి రాత్రి మర్నాడు పొద్దున, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు.

అమ్మగారికి యంత్రం వల్ల జబ్బు వెనక్కి పోదు. ఆ ఆశతో పెట్టించవద్దు. కానీ జ్ఞాపకం తగ్గిన మనిషికి మాట కూడా సగమే అందితే అయోమయం రెట్టింపవుతుంది. ఎవరో తన వెనక గుసగుసలాడుతున్నారనే అనుమానాలు కూడా కొందరిలో వినికిడి లోపం వల్లే పెరుగుతాయి. ముందు గుబిలి చూపించండి. తర్వాత పరీక్ష. మీట నొక్కడం ఆమెకు కుదరకపోతే మీట అక్కర్లేని పరీక్షలు ఉన్నాయి, ముందే అడగండి. నిద్ర చాలని రోజున తీసుకువెళ్లకండి, పొద్దున పూట వెళ్లండి.

యంత్రం ఇస్తే మొదటి రోజే రోజంతా పెట్టవద్దు. ఇన్నేళ్లుగా వినబడనివన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఫ్రిజ్ మోత, కాగితం నలిగిన చప్పుడు, తన చీర కుచ్చిళ్ల చప్పుడు. చాలామంది తీసి సొరుగులో పడేసేది అందుకే. ఇంట్లో ఒక్కరే మాట్లాడే నిశ్శబ్ద సమయంలో గంటతో మొదలుపెట్టండి. ఛార్జింగు పెట్టే రకం తీసుకోండి, చిన్న బ్యాటరీలను ఆమె మాత్రలనుకుని మింగే ప్రమాదం ఉంది. రాత్రి ఎక్కడ పెట్టాలో ఒక గిన్నె ఖాయం చేసి, ఆ గిన్నె సంగతి మీ తమ్ముడికి కూడా చెప్పండి.